పార్నెల్ అనంతర ‘శూన్యం’: ఐరిష్ సాహిత్య పునరుజ్జీవన చరిత్రలో ఒక భావన – పునఃపరిశీలన

విక్టోరియా యుగం చివరి దశకపు ఐర్లండును గురించి సాహిత్య చరిత్రలు తరచుగా ఒకే కథనాన్ని వినిపిస్తాయి. 1890 నవంబరులో విడాకుల కేసు తీర్పుతో చార్లెస్ స్టువర్ట్ పార్నెల్ ప్రతిష్ఠ దెబ్బతిన్నది. డిసెంబరులో ఐరిష్ పార్లమెంటరీ పార్టీ చీలిపోయింది. 1891 అక్టోబరు 6న ఆయన మరణించాడు. రాజకీయాలతో విసిగిన యువతరం ఆ శూన్యాన్ని సాహిత్యంతో పూరించిందని ఆ కథనం సారాంశం. దీనికి బలమైన ప్రచారకర్త కవి డబ్ల్యు.బి. యేట్స్. 1923లో నోబెల్ బహుమతి స్వీకరించినప్పుడు స్టాక్‌హోమ్‌లో చేసిన ప్రసంగంలో కూడా ఆధునిక ఐరిష్ సాహిత్యానికి పార్నెల్ పతనమే ఆరంభమని ఆయన ప్రతిపాదించాడు. ఉద్యమంలో భాగస్వామి అయిన రచయిత చెప్పిన ఈ మాటను విమర్శకులు చారిత్రక సత్యంగా స్వీకరించడం ఎంతవరకు సమంజసమో పరిశీలించవలసి ఉంది.

మొదటి అభ్యంతరం కాలక్రమానికి సంబంధించినది. ఐరిష్ భాషా పరిరక్షణ సంఘం 1876లోనే ఏర్పడింది. ‘గేలిక్ జర్నల్’ 1882లో వెలువడింది. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఆవిర్భవించింది. యేట్స్ సంకలనం చేసిన ఐరిష్ జానపద కథల గ్రంథం 1888లో, డగ్లస్ హైడ్ సేకరించిన కథల సంపుటం ‘బిసైడ్ ది ఫైర్’ 1890లో ప్రచురితమయ్యాయి. ఇవన్నీ పార్నెల్ మరణానికి ముందువే. పైగా వీటిలో అధిక భాగం ఆయన రాజకీయంగా ఉచ్చస్థితిలో ఉన్న కాలానికి చెందినవి. కాబట్టి సాంస్కృతిక కృషి రాజకీయ వైఫల్యానికి ప్రత్యామ్నాయంగా పుట్టిందనడం పొసగదు.

రెండవ ఆధారం హైడ్ ప్రసంగమే. ఐర్లండును ఆంగ్లీకరణ నుండి విముక్తం చేయవలసిన ఆవశ్యకతపై 1892 నవంబరు 25న డబ్లిన్‌లో ఆయన ప్రసంగించాడు. ఇంగ్లండును ద్వేషిస్తూనే దానిని అనుకరించే ఐరిష్ ప్రజల వైరుధ్యాన్ని ఎత్తిచూపాడు. భాషతోపాటు ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, సంగీతం, దుస్తులు, క్రీడలు అన్నింటినీ చర్చించాడు. గత అయిదేళ్లలో రాజకీయ నాయకుల ఉపన్యాసాలన్నింటికన్నా, హర్లింగ్ వంటి ప్రాచీన క్రీడలను పునరుద్ధరించిన అథ్లెటిక్ అసోసియేషనే దేశానికి ఎక్కువ మేలు చేసిందని ఆయన అభిప్రాయం. అంటే హైడ్ తనను కొత్త శకానికి ఆద్యునిగా భావించలేదు. అప్పటికే సాగుతున్న పనికి భాషను కేంద్రంగా చేయడమే ఆయన లక్ష్యం. 1893లో గేలిక్ లీగ్ స్థాపన ఆ లక్ష్యానికి కొనసాగింపు.

మూడవది, పార్నెల్ పతనం సాంస్కృతిక సంస్థలను పోషించలేదు, కొన్నింటిని దెబ్బతీసింది. అథ్లెటిక్ అసోసియేషన్ పోషకులలో పార్నెల్ ఒకడు. ఆయన అంత్యయాత్రలో దాని సభ్యులు నల్లగుడ్డ చుట్టిన హర్లింగ్ కర్రలతో నడిచారు. పార్నెల్ పక్షాన నిలిచినందుకు మతాచార్యుల వ్యతిరేకతను ఎదుర్కొన్న ఆ సంస్థ తరువాతి సంవత్సరాలలో బాగా క్షీణించింది.

రాజకీయాలు కూడా ఆగిపోలేదు. రెండవ హోమ్ రూల్ బిల్లు 1893లో కామన్స్ సభలో నెగ్గి ప్రభువుల సభలో 41కి 419 ఓట్లతో వీగిపోయింది. 1898 స్థానిక పరిపాలనా చట్టం జిల్లా పాలనను ఎన్నికైన మండళ్లకు అప్పగించింది. సాహిత్య రంగంలోనూ ఆ రాజకీయమే కనిపిస్తుంది. ఒక ఐరిష్ గ్రంథమాలలో ఏ పుస్తకాలు ఉండాలన్న విషయంపై వృద్ధ జాతీయవాది చార్లెస్ గావన్ డఫీకీ యేట్స్‌కూ సాగిన వివాదంలో జాతి పక్షాన మాట్లాడే అధికారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. 1899 మే 8న ఐరిష్ లిటరరీ థియేటర్ ప్రదర్శించిన యేట్స్ నాటకం ‘ది కౌంటెస్ కాథ్లీన్’ విషయంలోనూ అదే జరిగింది. క్షామంలో రైతులను కాపాడటానికి ప్రభుకులస్త్రీ తన ఆత్మను అమ్ముకొనే ఆ కథను కాథలిక్ విద్యార్థులు నిరసించారు. కార్డినల్ లోగ్ నాటకాన్ని చదవకుండానే ఖండించాడు.

అయినా యేట్స్ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. పార్టీ చీలికతో నిరాశ చెందిన యువకులు కొందరు సాహిత్య సంఘాలను, లీగ్‌ను ఆశ్రయించిన మాట వాస్తవం. అయితే అది ఉద్యమ విస్తరణకు ఒక కారణమే గాని, దాని పుట్టుకకు మూలం కాదు.

ఈ తేడా ముఖ్యమైనది. 1851 జనగణనలో ఐరిష్ మాట్లాడేవారు సుమారు 15 లక్షలు. 1891 నాటికి వారి సంఖ్య సుమారు 6.8 లక్షలకు పడిపోయింది. ఈ నష్టం వెనుక 1840ల మహాక్షామం, వలసలు, ఆంగ్ల మాధ్యమపు జాతీయ పాఠశాలలు ఉన్నాయి. పునరుజ్జీవనాన్ని ఒక నాయకుని పతనంతో ప్రారంభిస్తే ఈ దీర్ఘచరిత్ర తెరమరుగవుతుంది. హైడ్‌కు కథలు చెప్పిన పల్లెజనం కేవలం ముడిసరుకుగా మిగిలిపోతారు, డబ్లిన్ రచయితలు మాత్రమే కర్తలవుతారు. ఉద్యమకారుల ఆత్మకథనాలను సాహిత్య చరిత్రకు ఆధారాలుగా వాడుకోవచ్చు గాని, దాని కాలవిభజనకు ప్రమాణంగా తీసుకోరాదు.