చింతపండుతో తోమకూడని ఇత్తడి

లాస్‌పేటలో మా వీధి చివర ఓ పెద్దాయన ఉంటారు. అందరూ ఆయన్ని ‘సొల్దా’ అంటారు. ఫ్రెంచి సైన్యంలో చేసి, ఆ పింఛనుతో పుదుచ్చేరిలో బతుకుతున్న పాత సిపాయిలందరికీ ఇక్కడ అదే పేరు. ఆయన కొన్నేళ్లు జర్మనీలో ఉన్నారు. అక్కడి పాతసామాన్ల సంతలో కొన్న బాయినెట్ ఆయన బీరువాలో ఉంది. మూరకి కాస్త పొడుగైన అలుగు, గాళ్లు పడ్డ ఇత్తడి పిడి. 1871 మోడల్ మౌజర్ తుపాకీకి తొడిగేది.

ఆ తుపాకీ ఓబర్న్‌డార్ఫ్ అన్నదమ్ములు విల్‌హెల్మ్, పాల్ మౌజర్‌ల సృష్టి. 11 మిల్లీమీటర్ల గుండు, నల్లమందు, ఒక్కసారికి ఒకటే తూటా. 1884లో గొట్టం కింద ఎనిమిది తూటాల అర చేరింది. 1888 నాటికి పొగరాని మందుతో కొత్త తుపాకీ వచ్చేసరికి ఇవన్నీ మూలపడ్డాయి.

సేకర్తలకు అలుగు పదునుతో పనిలేదు, అక్షరాలే ముఖ్యం. పెద్దాయన భూతద్దం చేతికిచ్చి, అలుగు వీపు మీద కిరీటం, దాని కింద ‘డబ్ల్యు’, ఆ కింద 74 చూపించారు. విల్‌హెల్మ్ చక్రవర్తి హయాంలో, 1874లో సైన్యం పరీక్షించి తీసుకుందన్నమాట. పిడి దగ్గరి అడ్డకమ్మి మీద ‘76. ఆర్. 3. 45’ అని పొడిచి ఉంది: 76వ రెజిమెంటు, మూడో కంపెనీ, 45వ ఆయుధం. అది హాంబర్గ్ రెజిమెంటు. ఒర మీద కూడా ఇవే అంకెలుంటే జత కలిసినట్టు, ధర పెరుగుతుంది. ఈయన ఒర మీద వేరే కంపెనీ అంకె ఉంది. ఏ సిపాయి ఎవరి ఒర కాజేశాడో!

అసలు తుపాకీ ఎందుకు కొనలేదని అడిగితే నవ్వారు. మన 1959 ఆయుధాల చట్టంలో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్నా, అది మరమ్మతు చేసినా పేలనివాటికే. పాతదైనంత మాత్రాన చాలదు.

ఇక్కడి ఉప్పుగాలి ఇనుముకు శత్రువు. అందుకే అలుగుకు పల్చగా నూనె రాసి, తోలు ఒరలోంచి తీసి విడిగా పెడతారు. తోలు చెమ్మ పడుతుంది. ఉప్పుకాగితం మాత్రం తాకనివ్వరు. ఎర్రతుప్పును ఆపాలి కానీ, నూరేళ్లకు పైగా పట్టిన నల్లని పొరను గీకకూడదు. గీకితే గుర్తులూ అరుగుతాయి, కొనేవాడికి అనుమానమూ వస్తుంది.

ఇదంతా ఇంట్లోవాళ్లకు చెప్పడం ఆయన మరిచారు. ఓ శుక్రవారం దీపపు కుందులతో పాటు బాయినెట్ పిడినీ చింతపండు పెట్టి తోమేశారు. తళతళలాడింది. ఆయనకు రెండు రోజులు అన్నం సయించలేదు. అడ్డకమ్మి ఉక్కుది కాబట్టి దాన్ని తోమలేదు, అంకెలు దక్కాయి. మొన్న పిలిచి మరీ చూపించారు: పిడి గాళ్లలో మళ్లీ కాస్త నలుపు పడుతోంది.