అరికాలి పాఠం

మా అక్క కూతురు అమెరికాలో కాళ్ల డాక్టరు చదువుతోంది. కైకలూరులో ఈ మాట ఎవరితో అన్నా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "కాళ్లకి వేరే డాక్టరా?" అక్కడ వేరే. పళ్లకి విడిగా చదువున్నట్టే పాదానికీ చీలమండకీ నాలుగేళ్ల చదువుంది. దాన్ని పోడియాట్రీ అంటారు. ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ, మధ్యమధ్య బోర్డు పరీక్షలు. మన దగ్గర పాదం జనరల్ సర్జనుకీ, ఎముకల డాక్టరుకీ, షుగరు డాక్టరుకీ ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

బోర్డు పరీక్షలో మొదటి భాగం రెండో ఏడు అయ్యాక రాయాలి. దానికి చదువుకుందామని మొన్న ఎండాకాలం అమ్మమ్మ ఇంటికొచ్చింది. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, సూక్ష్మజీవులు, పేథాలజీ, మందులు, ఇవి ఏ డాక్టరుకైనా తప్పనివే. వీళ్లకి అదనంగా తుంటి నుంచి కాలిగోరు దాకా అనాటమీ ఒక్కటే ఒక పెద్ద సబ్జెక్టు. చెరువుల మీద ఏరేటర్ల మోటార్లు బాగుచేసే షెడ్డు నాది. విప్పిన యంత్రం ఎక్కడ కనపడినా నాకు కాళ్లు ఆగిపోతాయి. అరుగు మీద ఆ పిల్ల పాత పేపర్ల వెనక పాదాన్ని విప్పుతుంటే పక్కన కూర్చోకుండా ఉండలేకపోయాను.

ఆ పిల్ల చదివే పద్ధతి నాకు నచ్చింది. ముందు బొమ్మ గీస్తుంది. గీసిన ప్రతి ముక్క పక్కనా అది చేసే పని తెలుగులో రాస్తుంది. పని రాయడం చేతనయ్యాకే లాటిన్ పేరు. "పేరు ముందు నేర్చుకుంటే పేరే గుర్తుంటుంది మావయ్యా, ముక్క గుర్తుండదు" అంది. షెడ్డుకొచ్చే కుర్రాళ్లకి నేను పదేళ్లుగా చెబుతున్నది ఇదే. కాకపోతే అంత కుదురుగా చెప్పలేదు.

ఒక పాదంలో ఎముకలు 26. రెండు పాదాలకీ కలిపి 52. ఒంట్లో మొత్తం 206 అనుకుంటే, నాలుగో వంతు ఎముకలు చీలమండల కిందే ఉన్నాయి. వెనక వైపు 7, నడిమి భాగంలో పొడవాటివి 5, వేళ్లలో 14. బొటనవేలికి రెండేసి, మిగతావాటికి మూడేసి. అన్నిటికన్నా పెద్దది మడమ ఎముక. దాని మీద, కాలి ఎముకల కింద ఇరుక్కుని కూర్చున్నది టాలస్. ఒంటి బరువంతా పాదంలోకి దిగేది దీని మీదుగానే. అయినా ఒక్క కండరం కూడా దీనికి అతుక్కుని ఉండదు. పైనా కిందా ముందూ కీళ్లే, ఒంటి మీద చాలావరకు నున్నటి మృదులాస్థే. బేరింగులో గోలీకి కొక్కెం తగిలించం కదా, అలాగన్నమాట. ఆ నునుపుకి ఖరీదు కూడా ఉంది. రక్తం లోపలికి వెళ్లడానికి మిగిలిన జాగా తక్కువ, చాలావరకు మెడ దగ్గర నుంచే వెళ్లాలి. అక్కడ విరిగితే వెనక భాగానికి రక్తం అందక ఎముక చచ్చిపోవచ్చు. పరీక్షలో తరచు అడిగే ప్రశ్నట. ఎందుకు అడుగుతారో బొమ్మ చూస్తే తెలిసిపోతుంది.

ఈ ఎముకలన్నీ చదునుగా పరిచి ఉండవు, కమానులా నిలబడి ఉంటాయి. లోపలి వైపు ఎత్తైన కమాను, బయటి వైపు పొట్టిది, అడ్డంగా మరొకటి. కమాను మీద బరువు పడితే దాని కాళ్లు రెండూ పక్కలకి జారాలి. జారకుండా మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి చర్మం కింద ఒక గట్టి పట్టీ కట్టి ఉంది, పెంకుటింటి వాసాలకి అడ్డంగా కట్టిన కమ్మీ లాగా. పొద్దున్నే మంచం దిగగానే మడమ పోటు అంటామే, చాలామందికి ఆ నొప్పి ఈ పట్టీ మొదట్లోనే.

ఆ పట్టీ చేసే రెండో పని చూసి నేను లేచి నిలబడ్డాను. నిజంగానే నిలబడ్డాను, ఎందుకంటే నిలబడమంది. నా బొటనవేలు పట్టుకుని పైకెత్తింది. నేనేమీ చెయ్యకుండానే పాదం లోపలి వంపు దానంతటదే లేచింది! పట్టీ వేళ్ల కిందకి పోయి అతుక్కుంటుంది. వేలు పైకి లేస్తే, నూతి గిలకకి చేద తాడు చుట్టుకున్నట్టు, పట్టీ వేలి మొదట్లో ఉన్న ఎముక తల చుట్టూ తిరిగి బిగుస్తుంది. బిగిస్తే దాని పొడవు తగ్గుతుంది, కమాను ఎత్తు పెరుగుతుంది. నడకలో మడమ లేచి వేళ్ల మీద బరువు పడే ప్రతిసారీ ఇది జరుగుతుంది, కండరం ఖర్చు పెద్దగా లేకుండానే. ఈ గిలక సంగతి 1954లో హిక్స్ అనే ఇంగ్లీషు సర్జను లెక్కతో సహా రాశాడు. నా దగ్గరున్న ఏ యంత్రంలోనూ ఒకే ముక్క తాడుగానూ, కట్టుకమ్మీగానూ పనిచెయ్యదు.

గిలక అన్నాక నునుపు కావాలి. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రెండు చిన్న ఎముకలు పక్కపక్కన ఉంటాయి. వాటిని 26లో లెక్కెయ్యరు. నువ్వుగింజ లాంటివని లాటిన్లో పేరు పెట్టారు, నిజానికి బఠాణీ గింజంత ఉంటాయి. బొటనవేలి చివరి కణుపుని వంచే పొడుగు స్నాయువు ఆ రెండు గింజల సందులోంచి పోతుంది. పైనుంచి బరువు పడినా తాడు నలగకుండా అవి కాపు కాస్తాయి.

ఆ స్నాయువు ప్రయాణం ఒక్కటి గీయడానికి ఆ పిల్లకి ఒక మధ్యాహ్నం పట్టింది. పిక్కలో పుడుతుంది. లోపలి చీలమండ వెనక ఇరుకు సందులోంచి దిగుతుంది. ఆ సందులో అయిదు వస్తువులు ఎప్పుడూ ఒకే వరసలో ఉంటాయి: ముందు రెండు స్నాయువులు, తర్వాత ధమని, తర్వాత నరం, చివర ఈ మూడో స్నాయువు. అక్కడ వేలు పెట్టి చూడండి, నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. తర్వాత మడమ ఎముక కింద ఉన్న గాడిలోంచి అరికాల్లోకి వచ్చి, చిన్న వేళ్లని వంచే స్నాయువుని ఒకచోట దాటుతుంది. ఆ దాటే చోటుని హెన్రీ ముడి అంటారు. చాలామందికి అక్కడ రెండు తాళ్ల మధ్యా ఒక పోగు కలిసి ఉంటుంది. అరికాల్లో కండరాలు నాలుగు పొరలు. ఈ పొడుగు తాళ్లు రెండో పొరలో నడుస్తాయి. పై పొర కింది పొర కలిపి గీస్తే గజిబిజి, విడిగా గీస్తే అతుకు తెలియదు. అందుకని పల్చటి కాగితాలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ వెలుతుర్లో చూసుకుంది.

బోర్డు ప్రశ్న తయారీ కూడా ఒక పనితనమే. అభ్యాసానికి తనే ప్రశ్నలు రాసుకునేది. ఒకటి మన ఊరి సరుకు: చేపల చెరువులో దిగిన మనిషికి సీసా పెంకు గుచ్చుకుంది. గాయం బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు. వేలు మొదటి కణుపు దగ్గర వంగుతోంది, గోటి వైపు కణుపు వంగడం లేదు. తెగింది ఏది? అయిదు జవాబుల్లో రెండు నిజంగా మభ్యపెడతాయి. బొటనవేలిని వంచేవి రెండు: ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది. పొట్టిది మొదటి ఎముక దగ్గరే ఆగిపోతుంది. మొదటి కణుపు వంగుతోందంటే పొట్టిది బాగానే ఉందన్నమాట. చివరి కణుపు దాకా వెళ్లేది పొడుగుదే, తెగింది అదే. బట్టీపట్టిన వాడికి రెండు పేర్లూ ఒకేలా వినపడతాయి. తాడు ఎక్కడ కట్టారో చూసినవాడు తడుముకోడు. మంచి ప్రశ్నలో తప్పు జవాబు ఊరికే తప్పుగా ఉండదు, సగం తెలిసినవాడికి సరిపోయేలా చెక్కి ఉంటుంది.

సాయంత్రాలు చెరువు గట్టు మీదకి నాతో వచ్చేది. వానకి తడిసిన గట్టు మీద వలవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తుంటే వాళ్ల మడమల వంకే చూసేది. కొత్తవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని నాకు భయం. తను చూసేది ఆ మడమల వాలు. టాలస్ కింద ఉన్న కీలు మడమని లోపలికీ బయటికీ వాల్చుతుంది. మడమ బయటికి వాలినప్పుడు పాదం నడుమ ఉన్న రెండు కీళ్ల ఇరుసులు సమాంతరంగా వచ్చి పాదం వదులవుతుందనీ, లోపలికి వాలినప్పుడు ఆ ఇరుసులు ఒకదానికొకటి అడ్డుపడి బిగుస్తుందనీ పాఠ్యపుస్తకాల లెక్క. బురదలో అడుగు దించేటప్పుడు వదులు కావాలి, నేల ఎలా ఉంటే అలా పరుచుకోవాలి. లేచేటప్పుడు బిగువు కావాలి, లేకపోతే తోపు ఉండదు. వదులూ బిగువూ రెండూ ఒకే అడుగులో, సెకను లోపే. బుడమేరూ తమ్మిలేరూ కొల్లేట్లోకి తెచ్చి పోసిన ఒండ్రు మీద నేను యాభై ఏళ్లు నడిచాను. నా కాళ్ల కింద ఇంత జరుగుతోందని ఒక్కసారీ అనుకోలేదు.

వెళ్లే ముందు రోజు పెట్టెలోంచి ఒక నైలాను పోగు తీసింది. బ్రష్షు పోగు లాంటిదే, పిడికి బిగించి ఉంది. చర్మం మీద నిలువుగా ఆనించి నొక్కితే 10 గ్రాముల బరువు దగ్గర విల్లులా వంగిపోతుంది. వంగాక ఎంత తోసినా దాదాపు అంతే, చర్మం మీద బరువు పెరగదు. పొడవూ మందమూ లెక్క ప్రకారం ఉంటే చాలు, మీటరూ బ్యాటరీ లేని కొలత! ఆ 10 గ్రాములు తెలియని పాదానికి దెబ్బ తగిలినా తెలియదు. రాయవేలూరు ఆస్పత్రికి 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జను, కుష్ఠు రోగుల వేళ్లు రోగంతోనే కుళ్లి ఊడిపోవనీ, స్పర్శ పోయాక పట్టించుకోని దెబ్బలే వాటిని తినేస్తాయనీ నిరూపించాడు. 1966లో ఆయన అమెరికాలోని కార్‌విల్ ఆస్పత్రికి వెళ్లాడు. అక్కడ పనికొచ్చిన ఆ జ్ఞానమే తర్వాత షుగరు పాదాలకీ పనికొచ్చింది. మా పిల్ల పరీక్ష పుస్తకంలో సగం పేజీ రాయవేలూరు నుంచి వచ్చిందేనన్నమాట.

షుగరున్న మా అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. ముందు చేతి మీద పోగు తాకించి ఎలా ఉంటుందో చూపించింది. ఆనెకాయ ఉన్న చోటు వదిలేసి, అరికాల్లో ఒక్కొక్క చోటే తాకిస్తూ, "తెలిసినప్పుడు చెప్పమ్మమ్మా" అంటూ పోయింది. మడమ దగ్గర, పాదం నడుమ అమ్మ "ఆఁ" అంది. వేళ్ల మొదళ్ల దగ్గర పోగు వంగింది, అమ్మ పలకలేదు. బొటనవేలి కింద వంగింది, పలకలేదు. మూడో వేలి మొదట్లో చిన్న నల్లటి చుక్క కనపడితే పిల్ల టార్చి అడిగింది. జెల్ల చేప ముల్లు ముక్క, లోపల విరిగి ఉంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే కొల్లేటి మనిషి అరుపు పక్క లంకకి వినపడుతుంది. పెరట్లో చేపలు బాగుచేస్తూ అది ఏ రోజు గుచ్చుకుందో మా అమ్మకే తెలియదు.

మర్నాడు కైకలూరు తీసుకెళ్లి ముల్లు తీయించాం. పుండు పదిహేను రోజుల్లో మానింది. పిల్ల వెళ్తూ మంచం కోడుకి ఒక చేతి అద్దం కట్టిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు అమ్మ కాళ్లు అందులో చూడటం ఇప్పుడు నా పని. మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లుంటే, నొప్పిగా ఉందా అని అడిగి ఊరుకోకండి, అద్దం పెట్టి చూడండి.