సాయుధపోరాట సాహిత్యవిమర్శ – విస్మృతమైన విద్యాప్రశ్న

తెలంగాణ సాయుధపోరాటమును (1946–51), దానికి దారితీసిన కాలమును చిత్రించిన నవలలపై విశ్వవిద్యాలయములలో జరిగిన పరిశోధన స్వల్పము కాదు. పాత్రచిత్రణము, మాండలిక ప్రయోగము, రాజకీయ దృక్పథము అను మూడింటిని మన విమర్శకులు శ్రద్ధతో విచారించిరి. కాని ఆ సంఘర్షణలో చదువు ఏమయ్యెనను ప్రశ్నకు ప్రత్యేకాధ్యాయము లభించుట అరుదు. ఈ లోపము ఉపేక్షింపదగినది కాదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆ పోరాటపు పూర్వరంగమున అక్షరమునకు ప్రధానస్థానము కలదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. తెలుగు పఠనమునకు 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములే దిక్కైనవి. సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన 1930లో మెదకు జిల్లా జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభ ఈ భాషాసంస్కృతుల ఆర్తి నుండి పుట్టినదే. తుపాకి చేతికి వచ్చుటకు ముందు పుస్తకము చేతికి వచ్చినది.

వట్టికోట ఆళ్వారుస్వామి జీవితమే ఇందుకు నిదర్శనము. పరుల యిండ్ల వంటచేసి చదువు నేర్చిన ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పెను. అనంతరము కారాగారవాస మనుభవించెను. 1955లో వెలువడిన ఆయన ‘ప్రజలమనిషి’ సాయుధఘట్టమునకు ముందునాటి గ్రామచైతన్యమును చిత్రించినది. దీనిని కేవలము భూస్వామ్య వ్యతిరేక కథగా పరిగణించువారు, చదువుకు నోచని జనుల మేల్కొలుపును గూర్చి చదువుకై కష్టపడిన రచయిత వ్రాసిన గ్రంథమను సంగతిని గుర్తించినట్లు కాదు. దాశరథి రంగాచార్యుల ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’ నవలలను సైతము ఈ దృష్టితో పునఃపరిశీలింపవలసి యున్నది.

ఇక విద్యాసంస్థల ప్రవర్తనము విచార్యము. 1938లో వందేమాతర గేయమును పాడినందులకు ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో పలువురకు నాగపూరు విశ్వవిద్యాలయము ప్రవేశ మొసగినది. 1947లో భారతయూనియనులో చేరవలెనను ఉద్యమమున విద్యార్థులు తామే కళాశాలలను వీడిరి. మొదటిసారి విద్యాసంస్థ విద్యార్థిని వెడలగొట్టెను. రెండవసారి విద్యార్థియే సంస్థను వీడెను. ఈ రెంటి నడుమ, తలుపు తెరచిన నాగపూరు ఆదర్శప్రాయముగా నిలిచినది. 2022లో యుక్రెయిను యుద్ధము వలన మరలివచ్చిన వైద్యవిద్యార్థులలో తెలుగువారును పెక్కుమంది కలరు. వారికి మన కళాశాలలలో ప్రవేశము కల్పించుటకు చట్టము అనుమతింపదని కేంద్రప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమునకు విన్నవించిన సందర్భమున, నాగపూరు ఉదాహరణము మరల స్మరణీయమగుచున్నది.

పట్టణపు కళాశాలల వృత్తాంతము కొంత లిఖితమైనది. పల్లెబడుల వృత్తాంతము అట్లు కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిపై రజాకార్లు, నిజాం బలగములు జరిపిన దాడిలో ఎనుబదిమందికి పైగా హతులైరి. మృతుల సంఖ్య సైతము గ్రంథగ్రంథమునకు మారుచుండుట పరిశోధకులకు తెలిసినదే. బురుజు కట్టుకొని కావలి కాచిన ఆ యూర పిల్లల చదువు ఎట్లు సాగెనని మనవా రడుగలేదు. ఇందుకు పాలనావిభాగములును కొంత కారణము. బైరాన్‌పల్లి, తొగుట నేడు సిద్దిపేట జిల్లాలోనివే. కాని 1948లో బైరాన్‌పల్లి యుండిన జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. తొగుట మెదకు జిల్లాలోనిది. 2016లో ఏర్పడిన జిల్లాను బట్టి పాతపత్రములను వెదకిన, తొగుట పరిశోధకునికి సగము చరిత్ర కానరాదు.

అక్షరాస్యత సమాజశాస్త్ర విషయము గాని సాహిత్యవిమర్శకు సంబంధించినది కాదని కొంద రనవచ్చును. ఈ వాదము నిలువదు. చదువరి లేక నవల లేదు. 1948లో పదేండ్ల వయసుగల బాలుడు ‘ప్రజలమనిషి’ వెలువడునాటికి పదునేడేండ్లవాడు. తనవారి కథను తాను చదువగలిగెనా, లేదా అనునది ఆ నవల సామాజికప్రయోజనమును నిర్ణయించు ప్రశ్న. అది విమర్శకు బాహ్యమెట్లగును?

ఈ మార్గమున సాగిన కృషి లేకపోలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటమున పాల్గొనిన స్త్రీల మాటలను వారి నోటనే వినిపించినది. ఉద్యమము నొసగిన అక్షరజ్ఞానమును, ఉద్యమానంతరము మరల మూతపడిన ద్వారములను ఆ కథనములు ఏకకాలమున తెలుపుచున్నవి. సంఘర్షణ చదువును చెరచును. ఒక్కొక్కప్పుడు చదువు నందనివారికి దానిని అందించును. ఏకపక్షమైన తీర్పునకు ఇచట తావులేదు. అయితే ఈ సేకరణము తెలుగుశాఖల పక్షమున గాక స్త్రీల సంఘము పక్షమున జరుగుట మనకు ఆలోచనీయము.

ఆనాటి పదేండ్ల బాలురకు నేడు ఎనుబదియైదేండ్లు దాటినవి. గ్రంథములు వేచియుండును, సాక్షులు వేచియుండరు. సిద్ధాంతవ్యాసమునకు విషయమును వెదకు విద్యార్థులు తొగుట, బైరాన్‌పల్లి పరిసరముల వృద్ధులను ముందుగా కలిసికొని, వారి పలకాబలపముల కథను వ్రాసికొని, పిదప నవలలను విప్పుదురుగాక. విమర్శ అపుడు సమగ్రమగును.