వెనుక బండికి సొంత బ్రేకు

అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ పికప్ ట్రక్కులు, పెద్ద కార్లు లాగే విహారయాత్రల ట్రైలర్లను గురించి, గుర్రాలనూ యంత్రాలనూ మోసే ట్రైలర్లను గురించి మాట్లాడుకునేటప్పుడు, ఇంజను ఎంత బరువు లాగగలదన్న లెక్కకు దక్కే ప్రాధాన్యం ఆ బరువు ఎలా ఆగుతుందన్న ప్రశ్నకు దక్కదు. గంటకు 60 మైళ్ళ వేగంలో ఉన్న బండి గతిశక్తి, అదే బండి 30 మైళ్ళ వేగంలో ఉన్నప్పటికంటె నాలుగు రెట్లు ఉంటుంది గనుక, సొంత బ్రేకులు లేని బరువైన ట్రైలరు ఆ శక్తినంతటినీ ముందున్న వాహనపు బ్రేకుల మీద మోపుతుంది. వంపులో ఆ తోపు పక్కకు తిరిగితే రెండు బండ్లూ మడత పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. తెలుగు పల్లెల్లో ట్రాక్టరు ట్రాలీ తోలినవారికి ఈ తోపు కొత్తది కాదు. బ్రేకు లేని ట్రాలీ నిండా ధాన్యమో చెరకో వేసుకొని చెరువుకట్ట దిగవలసినప్పుడు, అనుభవమున్న డ్రైవరు వాలు మొదలు కాకముందే చిన్న గేరులోకి మారేది ఇందుకే.

అందువల్లనే అమెరికాలో పరిమితి రాష్ట్రానికొక రీతిగా ఉన్నా, చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు, దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులుండాలని శాసించాయి. ఆస్ట్రేలియాలో ఈ పరిమితి 750 కిలోలే, 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులుండాలి. ఈ తరగతి ట్రైలర్లలో అత్యధికం విద్యుత్ డ్రమ్ బ్రేకులతో నడుస్తాయి. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములోపల ఒక లీవరు చివర చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. దానికి విద్యుత్తు అందగానే అది డ్రమ్ము లోపలి చదునైన ముఖానికి అతుక్కుని, తిరుగుతున్న ఆ ముఖంతో పాటు కొంచెం లాగబడి, లీవరును తిప్పుతుంది. ఆ లీవరు బ్రేకు షూలను, అంటే రాపిడి పొర అంటించిన వంపు రేకులను, డ్రమ్ము గోడకు అదుముతుంది. ఒక్కో అయస్కాంతం పూర్తి పనిలో సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది గనుక, రెండు ఇరుసులు, నాలుగు చక్రాలున్న ట్రైలరుకు 12 ఆంపియర్ల పైచిలుకు కావాలి. ఈ విద్యుత్తును ఎప్పుడు, ఎంత పంపాలో నిర్ణయించే పెట్టెనే బ్రేక్ కంట్రోలర్ అంటారు. అది డ్రైవరు చేతికందేలా స్టీరింగు దిగువన ఉంటుంది.

కంట్రోలర్లు ప్రధానంగా రెండు జాతులు. కాలాన్ని ఆధారం చేసుకున్న మొదటి జాతికి తెలిసేది ఒక్కటే, బ్రేకు దీపం వెలిగిందని. అది వెలిగిన క్షణం నుంచి, ముందే అమర్చిన వ్యవధిలో, ముందే అమర్చిన స్థాయి దాకా విద్యుత్తును పెంచుకుంటూ పోతుంది. డ్రైవరు పెడలును మునివేళ్ళతో తాకాడా, ప్రాణభయంతో తొక్కాడా అన్న తేడా దానికి తెలియదు. కనుక రద్దీలో మెల్లగా ఆగుతున్నప్పుడు ట్రైలరు అనవసరంగా గుంజుతుంది. నిజంగా ఆగవలసిన వేళ ఆలస్యమవుతుంది. 60 మైళ్ళ వేగంలో ఒక్క సెకనుకు బండి 88 అడుగులు ముందుకు పోతుందని గుర్తుంచుకుంటే, ఆ ఆలస్యం విలువ అర్థమవుతుంది. ధర తక్కువ కావటం, ఎలా బిగించినా పనిచేయటం ఈ జాతికున్న అనుకూలతలు. అయినా కుటుంబంతో కొండదారులు ఎక్కే ట్రైలరుకు దానిని ఎంచుకోవటం సమర్థనీయం కాదు.

రెండవది అనుపాత జాతి, అంటే ముందు వాహనం ఎంత గట్టిగా వేగం తగ్గిస్తే ట్రైలరునూ అంత గట్టిగా ఆపేది. పాత నమూనాలలో లోలకం ఆ తగ్గుదలను కొలిచేది కనుక పెట్టెను సరైన కోణంలో బిగించకపోతే కొలతే తప్పేది. ఇప్పటి నమూనాలలో యాక్సిలరోమీటరు అనే చిన్న సంవేదకం ఆ పని చేస్తూ కోణాన్ని చాలావరకు తానే సరిచూసుకుంటుంది. వాహనంతో పాటే కర్మాగారంలో అమర్చి ఇచ్చే కంట్రోలర్లలో కొన్ని వాహనపు బ్రేకు ద్రవ పీడనాన్నే చదివి స్పందిస్తాయి గనుక పెడలుకూ ట్రైలరుకూ మధ్య ఎడం మరింత తగ్గుతుంది. ఆ సదుపాయమున్న వాహనానికి బయటి పెట్టె కొనవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ట్రైలరుకు విద్యుత్తు నడిపించే ద్రవ బ్రేకులుంటే మాత్రం, కంట్రోలరు వాటితో పొసగుతుందో లేదో కొనకముందే చూడాలి.

ఎంపిక ఒకసారితో అయిపోతుంది. సర్దుబాటు అలా కాదు. గెయిన్ అనే అమరిక ట్రైలరుకు వెళ్ళగల విద్యుత్తు గరిష్ఠ పరిమితిని నిర్ణయిస్తుంది. దానిని సరిచేసేటప్పుడు ట్రైలరు ప్రయాణంలో ఉండబోయే బరువుతోనే నిండి ఉండాలి, కొన్నిసార్లు ఆగి బ్రేకులు కాస్త వెచ్చబడి ఉండాలి, రోడ్డు పొడిగా, చదునుగా, నిర్జనంగా ఉండాలి. గంటకు 25 మైళ్ళ వేగంలో పెడలు తాకకుండా కంట్రోలరు మీది చేతి మీటను పూర్తిగా నొక్కినప్పుడు, ట్రైలరు చక్రాలు బిగుసుకుని జారితే గెయిన్ ఎక్కువైనట్టు, వేగం తగ్గీ తగ్గనట్టు ఉంటే తక్కువైనట్టు. చక్రాలు బిగుసుకునే అంచుకు ఒక్క మెట్టు కిందనే దాని స్థానం. ఆపైన పెడలుతోనే ఆపి చూసినప్పుడు వెనుకనుంచి తోపుగానీ గుంజుడుగానీ తెలియకూడదు. ఏ అంకె మీద గెయిన్ నిలిపారని ఒకరినొకరు అడగటం ఈ లోకంలో పరిపాటి, కానీ ఆ అంకె ఆ ట్రైలరుకు, ఆ బరువుకు, ఆ రోడ్డుకు మాత్రమే చెందినది. ట్రైలరు ఖాళీ అయితే తగ్గించాలి, వాన పడితే, కంకర రోడ్డు ఎక్కితే ఇంకా తగ్గించాలి. నీళ్ళ తొట్లు నింపుకుంటే మళ్ళీ చూసుకోవాలి. గెయిన్‌తో కలిపి గందరగోళపడేది బూస్ట్. ఇది పెడలు తాకిన తొలి క్షణంలో ఎంత బలంతో మొదలుకావాలో చెబుతుంది తప్ప గరిష్ఠాన్ని పెంచదు. వాహనం కంటె ట్రైలరు బరువెక్కువైనప్పుడు బూస్ట్ ఉపకరిస్తుంది. తొలి పట్టు ఆలస్యమైందని బూస్ట్‌కు బదులు గెయిన్ పెంచేవారు, చివరి క్షణంలో చక్రాలు బిగుసుకునే స్థితిని చేతులారా తెచ్చుకుంటారు.

ఇంతకంటె తరచుగా జరిగే పొరపాటు, బ్రేకులోని లోపాన్ని పెట్టెతో కప్పిపుచ్చటం. షూలు అరిగి డ్రమ్ముకు దూరమైతే అయస్కాంతం లీవరును ఎక్కువ దూరం తిప్పవలసివస్తుంది, పట్టు బలహీనమవుతుంది. తామంతట తాము సర్దుకోని రకం బ్రేకులలో ఈ ఎడాన్ని చక్రం వెనుకనున్న పళ్ళచక్రాన్ని తిప్పి చేతితోనే తగ్గించాలి. చక్రాన్ని పైకెత్తి, తిప్పటానికి బరువనిపించేంత దాకా బిగించి, ఆపైన కొద్దిగా రాపిడి వినిపిస్తూ స్వేచ్ఛగా తిరిగేటట్లు వదులు చేస్తారు. అలాగే సన్నని తీగ, తుప్పు పట్టిన భూసంధానం దారిలోనే వోల్టేజిని మింగేస్తాయి; అమెరికా పద్ధతిలో బ్రేకు విద్యుత్తు నీలిరంగు తీగలోను, దాని తిరుగుదారి తెల్లతీగలోను ఉంటాయి గనుక వెతకటం అక్కడినుంచే మొదలు పెట్టాలి. ఇవేవీ చూడకుండా అంకెను మాత్రం పెంచుకుంటూ పోతే, నాలుగు చక్రాలలో బాగున్న ఒక్కటి ముందే బిగుసుకుని టైరును అరగదీస్తుంది, మిగిలిన మూడూ ఊరికే తిరుగుతాయి.

చేతి మీట ఉపయోగం సర్దుబాటుతో ముగియదు. ట్రైలరు పక్కలకు ఊగటం మొదలైతే యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును నిదానంగా నిలిపి, మీటతో ట్రైలరును మాత్రమే కొద్దిగా ఆపినప్పుడు అది వెనక్కి లాగుకుని జంట మళ్ళీ తిన్నగా సాగుతుంది. ముందు వాహనపు బ్రేకు తొక్కితే వెనుక బరువు ముందుకు తోసి ఊగుడు పెరుగుతుంది. ఆపదలో ఆ మీట కోసం వెతుక్కోకూడదు గనుక పెట్టెను ఎక్కడ బిగించాలన్నది అందానికి సంబంధించిన విషయం కాదు.

ట్రైలరు కొక్కెం నుంచి ఊడిపోయినప్పుడు కంట్రోలరుకు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ పని విడిపోటు స్విచ్చుది: ముందు వాహనానికి కట్టిన సన్నని తాడు లాగుకుపోయి స్విచ్చు పిన్ను ఊడగానే, ట్రైలరులోనే ఉన్న బ్యాటరీ నాలుగు చక్రాలనూ పట్టేస్తుంది, వాణిజ్య వాహనాలకు అమెరికా సమాఖ్య నిబంధన ఆ పట్టు కనీసం 15 నిమిషాలు నిలవాలంటుంది. ఆ తాడును భద్రతా గొలుసులకు కాకుండా వాహనానికే విడిగా తగిలించాలి. పరీక్షించేటప్పుడు ముందుగా ట్రైలరు ప్లగ్గును వాహనం నుంచి తీసివేసి, లేకపోతే కొన్ని కంట్రోలర్లు చెడిపోవచ్చు గనుక, పిన్ను లాగి బండిని కొద్దిగా ముందుకు నడిపి చక్రాలు పట్టుకున్నాయో లేదో చూసి, బ్యాటరీ వృథాగా ఖాళీ కాకముందే పిన్ను తిరిగి పెట్టాలి.