మార్చి సంచిక ఎవరి దగ్గరుంది?

పాత పత్రికల బౌండు పుస్తకం చేతికొస్తే నేను ముందు చూసేది వెన్ను, తర్వాత అంచులు. బైండరు కత్తిరింపులో పేజీ అంకెలు పోయాయా, అట్టలు ఉన్నాయా, ప్రకటనల కాగితాలు ఉంచాడా అని తిరగేస్తాను. మందం తగ్గుతుందని చాలాచోట్ల అట్టలూ ప్రకటనలూ తీసేసి కుట్టించేవారు. కథలూ వ్యాసాలూ మిగిలాయి గానీ, ఆనాటి సబ్బు ధర, కొత్తగా వచ్చిన పుస్తకం వెల చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. ఒకే పత్రిక, ఒకే ఏడాది సంపుటి రెండు కాలేజీల్లో ఉన్నా ఆ రెండూ సమానం అనుకోవడానికి లేదు. ఒకదాంట్లో మార్చి సంచిక అసలు ఉండదు. రెండోదాంట్లో ఉంటుంది, కానీ జూన్ సంచికను చెదలు తినేసి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితేనే ఏడాది పూర్తవుతుంది.

ఇప్పుడు ఈ సంపుటాలకు గడ్డుకాలం. కంప్యూటర్లకు చోటు కావాలి, కాలేజీలకు గుర్తింపు ఇచ్చే న్యాక్ తనిఖీలో గది శుభ్రంగా కనపడాలి. పైగా 'అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నయి కద సార్' అనే మాట ఒకటి. ఒక కాలేజీ వరండాలో సుతిలి తాడుతో కట్టిన కట్టలు చూశాను. పై కట్టలో 'భారతి' సంచికలు, కాంటాకు సిద్ధంగా ఉన్నాయి. ఆ లైబ్రేరియన్‌ను తప్పుపట్టలేను. ఆయనకు బీరువాల్లేవు, సహాయకుడు లేడు, పాతవి ఉంచమని చెప్పినవాళ్లూ లేరు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు మొదలుపెట్టిన 'భారతి' 1991 దాకా నడిచింది. అందులో వచ్చిన వ్యాసాలు ఎన్నో ఆ తర్వాత ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

ఆన్‌లైన్ మాటలో నిజం లేకపోలేదు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. మన సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం లాంటి చోట చదివే పిల్లలకు ఇది పెద్ద మేలు. కానీ 'భారతి' ఆ జాబితాలోది కాదు. దాన్నీ ఆంధ్రపత్రికనూ ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఎందరో పరిశోధకులకు దారి చూపింది. అయితే స్కానింగుకు దొరికిన ప్రతిలో లేని పేజీ తెరమీద కూడా ఉండదు. దానికోసం మళ్లీ ఎవరో ఒకరి బీరువా తలుపు తట్టాల్సిందే.

ఏ ఒక్క లైబ్రరీ అన్నీ దాచలేదు. దాచనక్కర్లేదు కూడా. బ్రిటన్‌లో 2007లో విశ్వవిద్యాలయాలు బ్రిటిష్ లైబ్రరీతో కలిసి 'యూకే రీసెర్చ్ రిజర్వ్' పెట్టుకున్నాయి. ఎవరైనా ఒక జర్నల్ సంపుటాలు తీసేయాలనుకుంటే ముందు జాబితా పంపాలని నియమం చేసుకున్నాయి. దేశం మొత్తం మీద కనీసం మూడు ప్రతులు మిగలాలి, ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో, రెండు సభ్య లైబ్రరీల్లో. అవి ఉన్నాయని తేలాకే మిగతావి వదిలించుకోవచ్చు. అమెరికాలో అంతకుముందే, 1949లో, పది విశ్వవిద్యాలయాలు చికాగోలో ఉమ్మడి భాండాగారం ఏర్పాటు చేసుకున్నాయి.

అమెరికా అంటే మన పత్రికల సంగతీ చెప్పాలి. అమెరికా చట్టం పీఎల్ 480 కింద వచ్చిన గోధుమలకు మనం రూపాయల్లో కట్టిన సొమ్ముతో, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలూ పత్రికలూ కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగువీ వెళ్లాయి. హైదరాబాద్‌లో అబ్దుల్ సమద్ ఖాన్ జీవితమంతా పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికల విషయంలో మాత్రం వేరేగా జరిగింది. అమెరికా విశ్వవిద్యాలయాల లైబ్రరీలు కొన్ని కూటమిగా ఏర్పడి వాటిని కాపాడాయి. అవి సముద్రం దాటకుండా బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనే ఉన్నాయి. నాకు ఈ పద్ధతే నచ్చింది. డబ్బు ఎక్కడిదైనా కాగితం పుట్టినచోటే ఉంది.

సిద్దిపేటలో పుట్టిన కాగితాన్ని మాత్రం చికాగో వచ్చి కాపాడదు. 1986లో ఇక్కడ నందిని సిధారెడ్డి, మిత్రులు మంజీర రచయితల సంఘం పెట్టి 'మంజీర' బులెటిన్లు తెచ్చారు. అలాంటి పల్చటి ప్రచురణలకు బైండింగ్ ఉండదు, చందా రిజిస్టరులో పేరుండదు. పోయేటప్పుడు మొదట పోయేవి అవే. తెలంగాణ సాహిత్య చరిత్ర రాసేవాళ్లకు మొదట కావలసినవీ అవే.

దీనికి కోట్లు అక్కర్లేదు. సిద్దిపేట, గజ్వేల్, హుస్నాబాద్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు, జిల్లా కేంద్ర గ్రంథాలయం కలిసి ఒక ఉమ్మడి జాబితా రాసుకుంటే చాలు. పత్రిక పేరు, సంపుటి, సంచిక, ఏ పేజీలు లేవు, అట్ట ఉందా లేదా. తర్వాత పంచుకోవాలి. ఒక పత్రిక బాధ్యత ఒక కాలేజీది, మిగతావాళ్ల దగ్గరున్న విడి సంచికలు అక్కడికి చేరాలి, రెండో ప్రతి ఇంకో ఊళ్లో ఉండాలి. ప్రిన్సిపాళ్లు మారినా మాట నిలిచేలా కాగితం మీద సంతకాలు కావాలి. ఎవరికైనా వ్యాసం కావలసివస్తే ఫోనుతో ఫొటో తీసి అదేరోజు పంపవచ్చు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీలతోపాటు ఈసారి ఆ జాబితా మొదలుపెట్టండి. అప్పటిదాకా ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒక్కటే: పాత పత్రికలను కాంటా ఎక్కించకండి.