అన్నం గిన్నె కింద పప్పు గిన్నె

రాత్రి ఏడున్నర దాటాక హైదరాబాదు మధురానగర్‌లో ఏ సందులోకి వెళ్ళినా కర్రీ పాయింట్ ముందు నలుగురైదుగురు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. అమీర్‌పేటలో కోచింగ్ ముగించుకొచ్చేవాళ్ళు, జేఎన్‌టీయూ నుంచో ఉస్మానియా నుంచో మెట్రోలో వచ్చేవాళ్ళు, కృష్ణానగర్‌లో సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగొచ్చేవాళ్ళు, అందరిదీ ఒకటే పద్ధతి. ముడేసిన కవర్లలో పప్పు, వేపుడు, సాంబారు పట్టుకుపోతారు. గదికి వెళ్ళి కుక్కర్లో అన్నం పడేస్తారు.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటే. ఇంటి పనీ బయటి పనీ తారుమారయ్యాయి. అన్నం ఎవరు వండినా అన్నమే. నూనె, ఉప్పు, కారం దాక్కునేదంతా పక్కన వేసుకునేదాంట్లో. మనవాళ్ళు అన్నం తాము వండుకుని, జాగ్రత్తగా చూసుకోవలసిన పప్పునీ కూరనీ బయటివాళ్ళకు అప్పగించేశారు. కుక్కర్ ఎలాగూ పొయ్యెక్కుతోంది. ఆ అన్నం గిన్నె కింద పప్పు గిన్నె పెడితే గ్యాసూ సమయమూ పెద్దగా పెరగవు.

మా బిల్డింగ్ పైన వాటర్ ట్యాంకు పక్కన రెండు గదులున్నాయి. వాటిని ఇక్కడ గొప్పగా పెంట్‌హౌస్ అంటారు. బ్యాచిలర్లకు ఇల్లివ్వం అని బోర్డులు పెట్టే ఈ కాలనీల్లో చదువుకునే పిల్లలకు దొరికేవి అవే. పైన ఉండే పిల్లాడొకడు మొన్న మెట్ల మీద ఆపి అడిగాడు: "అంకుల్, పప్పుకి ఎన్ని విజిల్స్ రావాలి?"

"విజిల్స్ సంగతి తర్వాత. ముందు నానబెట్టావా?"

లేదన్నాడు. ఆ జవాబులోనే ఉంది అసలు సంగతి. వంట కష్టమని ఎవరూ మానేయరు. ఏది ముందో ఏది వెనకో తెలియక, ఒకసారి పప్పు పలుకు మిగిలిపోయేసరికి విసుగొచ్చి మానేస్తారు. కాలేజీ నుంచి రాగానే చిన్న గ్లాసు కందిపప్పు కడిగి నీళ్ళలో వేసి స్నానానికి వెళ్ళాలి. అరగంట నానితే సగం పని అయిపోయినట్టే. మూడింతల నీళ్ళు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి ఆ గిన్నెను కుక్కర్ అడుగు నీళ్ళలో పెట్టాలి. పొంగు వస్తుంది కాబట్టి గిన్నె సగానికి మించి నింపకూడదు. పైన బియ్యం గిన్నె. నాలుగు విజిల్స్ వచ్చాక మంట తగ్గించి ఐదు నిమిషాలుంచి కట్టేయాలి. ఆవిరి దానంతటదే పోవాలి.

అది పోయే లోపల పాలకూర కట్ట కడిగి తరుక్కుని, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి, కాస్త చింతపండు పులుసుతో వేరే గిన్నెలో మగ్గబెట్టుకోవచ్చు. దాన్ని ఉడికిన పప్పులో కలపాలి. పులుసు పప్పుతో పాటు ముందే పోస్తే పప్పు ఓ పట్టాన మెత్తబడదు. పులుపు తగిలిన గింజ గట్టిగా ఉండిపోతుంది. అందుకే మన అమ్మలు పప్పు ఉడికాకే పులుపు కలిపేవారు. చింతపండు లేకపోతే పొయ్యి కట్టేశాక నిమ్మకాయ పిండుకున్నా సరే. నిమ్మలోని సి విటమిన్ వల్ల ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఉడికిస్తే ఆ విటమిన్ చాలావరకు పోతుంది కనుక చివర్లోనే పిండాలి. పోపుకి ఒక చెంచా నూనె చాలు. ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఆఖర్న కరివేపాకు.

ఇది వచ్చిందంటే వారానికి సరిపడా వంట వచ్చినట్టే. పాలకూర బదులు ఒకరోజు తోటకూర, ఒకరోజు టమాటా, ఇంకోరోజు దోసకాయ, సొరకాయ, వేసవిలో మామిడికాయ. ఆకు మారుతుంది, కాయ మారుతుంది, చేసే పని మారదు.

గదిలో ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ తప్ప మరేదీ లేనివాళ్ళకు కందిపప్పు సరిగా ఉడకదు. వాళ్ళకు రాయలసీమ పులగం ఉంది. గ్లాసు బియ్యం, అర గ్లాసు పొట్టు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్ళు, జీలకర్ర, మిరియాలు, ఉప్పు వేసి మీట నొక్కి చదువుకోవచ్చు. పక్కన పల్లీల చట్నీ ఉంటే అది పండగ భోజనమే. గ్యాస్ కనెక్షన్‌కు చిరునామా రుజువు లేదనేవాళ్ళకు ఐదు కిలోల సిలిండర్ ఉంది. ఇండేన్ దానికి 2020లో ఛోటూ అని పేరు పెట్టింది. గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు.

పప్పన్నం ఒంటికెంత మంచిదో చెప్పేవాళ్ళు దూరంగా లేరు. మధురానగర్‌లో నాగోలు వైపు మెట్రో ఎక్కితే రైలు మారకుండా తార్నాకలో దిగొచ్చు. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. 2024లో అది భారతీయుల కోసం విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల పళ్ళెం లెక్క ఉంది. రోజుకు ధాన్యం 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసంలాంటివి 85 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఇరవై ఏడు గ్రాములంటే రోజంతటికీ రెండు టేబుల్ స్పూన్లు. ఇప్పుడు వేపుడు కవరు అడుగున చేరిన నూనె చూసి మీరే లెక్కేసుకోండి. పప్పుధాన్యాలను నానబెట్టి ఉడికించడం లేదా ప్రెషర్ కుక్కర్లో వండడం మంచి పద్ధతి అని చెప్పిందీ ఆ మార్గదర్శకాలే. జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళు కొనే ప్రొటీన్ పొడులు వద్దన్నదీ అవే. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై రెండు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. బియ్యంలో తక్కువయ్యే లైసీన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువయ్యే మెథియొనీన్ బియ్యంలో ఉంది. పప్పన్నం పేదవాడి తిండి అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన దగ్గర విద్యార్థి భోజనం చాలాకాలం ఇంకొకరి చేతిమీదుగానే నడిచింది. రోజుకో ఇంట్లో వారాలు చేసుకుని చదివినవాళ్ళున్నారు. ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి టంగుటూరి ప్రకాశాన్ని పెంచింది ఆయన తల్లి. ఊళ్ళ నుంచి హైదరాబాదుకు చదువుకు వచ్చే పిల్లలకు కూడూ గూడూ చూపడానికి 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది. ఆ తరువాత ఊరి నుంచి బియ్యం మూట తెచ్చుకుని, వత్తుల స్టవ్ మీద వండుకుని డిగ్రీలు పూర్తిచేసిన తరం మాది. ఇప్పుడు గ్యాసుంది, కుక్కరుంది, ఎర్రగడ్డ రైతుబజారులో ఆకుకూరలు దొరుకుతున్నాయి. వండే అలవాటే తప్పిపోయింది.

కర్రీ పాయింట్లను తప్పుపట్టడం లేదు. వాటి వెనక రోజంతా పొయ్యి దగ్గర నిలబడే కుటుంబాలున్నాయి. గుత్తివంకాయ, కాకరకాయ పులుసు లాంటి ఓపిక కావలసిన వంటలు వాళ్ళ దగ్గరే కొనండి, నేనూ కొంటాను. రోజూ తినే పప్పు మాత్రం ఇంట్లో ఉడకాలి.

చివరగా తల్లిదండ్రులకొక మాట. పిల్లల్ని చదువుకు పంపేటప్పుడు పరుపు, బకెట్టు, దుప్పటి కొనిస్తారు కదా. వాటితో పాటు ఐదు లీటర్ల కుక్కరూ, అందులో ఒకదానిమీద ఒకటి పట్టే రెండు గిన్నెలూ కొనివ్వండి. బయలుదేరే ముందు ఒక ఆదివారం వంటింట్లో నిలబెట్టి పప్పు వండించండి, పోపు పెట్టించండి. అమ్మాయికైనా అబ్బాయికైనా.