గెలుపు కథా? ఓటరు జాబితానా?

మా చెల్లి ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం ఒక ఎన్నికనీ, దాని మీద ఒక పుస్తకాన్నీ ఎంచుకోవాలట. "అన్నయ్యా, ఏది తీసుకోను?" అని అడిగితే, పెద్దగా ఆలోచించకుండా థియొడోర్ వైట్ రాసిన 'ద మేకింగ్ ఆఫ్ ద ప్రెసిడెంట్ 1960' అని చెప్పేశాను. పులిట్జర్ వచ్చిన పుస్తకం, నవలలా చదివిస్తుంది.

ఆ రాత్రి మళ్ళీ తిరగేస్తే నా సలహా మీద నాకే అనుమానం వచ్చింది. దాదాపు 7 కోట్ల ఓట్లు పోలైన ఆ ఎన్నికలో కెనెడీకి వచ్చిన ఆధిక్యం లక్ష పైచిలుకు ఓట్లు. అంటే ఎటైనా తిరగగలిగిన ఎన్నిక. వైట్ ఆ ఉత్కంఠని దాచలేదు. కానీ కెనెడీ శిబిరానికి అంత దగ్గరగా నిలబడి రాయడం వల్ల, ప్రతి ఎత్తుగడా గెలుపు వైపే నడిచినట్టు అనిపిస్తుంది. ఫలితం తెలిశాక వెనక్కి చూస్తే అన్నీ కారణాల్లాగే కనిపిస్తాయి. సర్వర్ పడిపోయాక లాగ్స్ చదివే మాకు ఈ జబ్బు బాగా తెలుసు.

పొద్దున్నే మాట మార్చాను. 1951-52 నాటి మన మొదటి సాధారణ ఎన్నికలు తీసుకో, ఓర్నిట్ షాని 'హౌ ఇండియా బికేమ్ డెమొక్రాటిక్' (2018) చదువు అన్నాను.

ఇందులో హీరో లేడు, ఓట్ల లెక్కింపు లేదు. ఉన్నదల్లా ఓటరు జాబితా తయారీ. రాజ్యాంగం ఇంకా పూర్తికాకముందే, వయోజనులందరి పేర్లూ రాసే పని మొదలైంది. చివరికి 17 కోట్ల పైచిలుకు పేర్లు. దేశ విభజనతో ఇల్లూ వాకిలీ పోయిన శరణార్థి నివాసం ఎలా రుజువు చేసుకోవాలి? ఇక్కడే స్థిరపడతానని రాసిస్తే చాలన్నారు. "ఫలానా వాడి భార్య"ని ఏ పేరుతో రాయాలి? సొంత పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళు ఆ ఎన్నికల జాబితాలోకి ఎక్కనేలేదు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో నాకు ఈ గుమాస్తా పనుల్లోనే ఎక్కువ అర్థమైంది.

లోటు లేదని కాదు. షాని ఆధారాలు ప్రధానంగా ఫైళ్ళూ, ఉత్తరాలూ. అర్జీ రాయలేనివాళ్ళ గొంతు అక్కడ వినపడదు.

అయినా నా ఓటు దీనికే. ఒకసారి గంటసేపు క్యూలో నిలబడ్డాక, జాబితాలో నా పేరు లేదని వెనక్కి పంపేశారు. ఆరోజు ఎవరు గెలిచారన్నది నాకు రెండో ప్రశ్న అయిపోయింది.

చెల్లికి ఒక్కటే చెప్పాను: మన వీధి ఓటరు జాబితా పక్కన పెట్టుకుని ఈ పుస్తకం చదువు.